మాంత్రికుడి ప్రాణం చిలకలో వుంది

కుటుంబ కథలు చదివేవారిని లోకం గౌరవిస్తుంది. డిటెక్టివ్ నవల చదివేవారిని చూసి నవ్వి వూరుకుంటుంది. కాని మీసాలు వచ్చినవాడు మాంత్రికుడూ, రాకాసిలోయా, పాతాళగృహమూ వున్న పుస్తకంతో పట్టుబడ్డాడంటే మాత్రం ఇంట్లో పెద్దలు వొకరి మొహాలొకరు చూసుకుంటారు. ‘వీడికింకా చిన్నతనం వదల్లేదు’ అంటారొకరు. ‘ఉన్న లోకంతో వేగలేక లేని లోకంలోకి పోతున్నాడు’ అంటారు మరొకరు. ఈ రెండో మాటకు విమర్శకులు కాస్త గంభీరమైన పేరు పెట్టారు, పలాయనవాదమని. పేరు పెట్టడంతో పని తీరిపోయిందనుకున్నారు కాబోలు, ఆ పారిపోయినవాళ్లు ఎక్కడికి పోయారో, అక్కడేం చూశారో వెళ్లి కనుక్కువచ్చినవాళ్లు తక్కువ.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి. ప్రబంధం చెప్పేటప్పుడు అద్భుతరసం గురించి చెప్పక తప్పదు. దానికి స్థాయీభావం విస్మయం అని చెబుతాను, పిల్లలు రాసుకుంటారు, పరీక్షకు అంతమాత్రం చాలు. కాని నాకు చాలలేదు. విస్మయమనేది మహా అయితే అయిదు నిమిషాలు నిలుస్తుంది. గారడీవాడు సంచీలోంచి పావురాన్ని తీస్తే నోరు తెరుస్తాం. పదోసారి కూడా పావురాన్నే తీస్తే లేచి ఇంటికి పోతాం. మరి మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలున్నాయే, వాటిని మొదటి మజిలీనుంచి చివరి మజిలీదాకా చదివి, మళ్లీ మొదలుపెట్టిన ఇల్లాళ్లు మన పక్క వూళ్లలోనే వుండేవారే, వాళ్లను కూర్చోబెట్టింది వట్టి విస్మయమేనంటారా?

కాదని నా అభిప్రాయం. అది చెప్పాలంటే ముందు బాలనాగమ్మ దగ్గరికి పోవాలి.

ఆ కథ తెలియని తెలుగు ఇల్లు వొకప్పుడు లేదు. బుర్రకథగా చెప్పారు, నాటకాలాడారు, 1942లో జెమినీవారు కాంచనమాలతో సినిమా తీశారు. మాయల మరాఠీ బాలనాగమ్మను ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్తను రాయిని చేస్తాడు. వాడికి చావు లేదు. ఎందుకంటే వాడి ప్రాణం వాడి వొంట్లో లేదు, ఏడు సముద్రాల కవతల వొక చిలకలో వుంది. ఉయ్యాల్లో వదిలిన కొడుకు పెరిగి పెద్దవాడై, ఆ చిలకను పట్టుకు వస్తే తప్ప తల్లికి చెర విడదు.

ఇక్కడ గమనించవలసిన సంగతి వొకటుంది. మరాఠీ సర్వశక్తిమంతుడు. మనిషిని రాయి చెయ్యగలడు. అట్లాంటివాడు బాలనాగమ్మ ‘నాకు వ్రతం వుంది, అది తీరేదాకా నన్ను తాకకు’ అంటే ఏళ్ల తరబడి ఆగాడు. ఎందుకాగాడు? అడ్డేవారెవరు? ఎవరూ లేరు. ఆ లోకంలో వ్రతానికి వొక కట్టు వుంది, ఆ కట్టు దుర్మార్గుడికి కూడా కట్టే. అదీ సంగతి. మన లోకంలో దుర్మార్గుడికి అట్లాంటి అడ్డు ఎక్కడుందో మీరే చెప్పండి.

ఈ చిలక మనకొక్కరికే సొంతం కాదు లేండి. రష్యా పల్లెల్లో కొషే అని వొక మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం సూదిమొనలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో, ఆ పెట్టె వొక దీవిలో చెట్టుకింద. మనవాళ్లు చిలకతో సరిపెట్టుకున్నారు, వాళ్లు చలిదేశంవాళ్లు గనక పొరమీద పొర కప్పారు! 1997 నుంచి 2007 దాకా ఏడు భాగాలుగా వచ్చి లోకంలో పిల్లలందర్నీ రాత్రులు మేలుకోబెట్టిన హారీ పాటర్ కథలో వోల్డెమోర్ట్ చేసిన పని కూడా ఇదే. ఆత్మను ముక్కలు చేసి తలొక వస్తువులోనూ దాచుకున్నాడు. ఇంగ్లీషు మీడియం పిల్లలు అదేదో కొత్త సంగతి అన్నట్టు నాకు చెప్పబోతారు. ‘మా మరాఠీ వాడికి తాతరా’ అంటాను.

ఇన్ని దేశాలవాళ్లు, వొకరి మొహం వొకరు చూడనివాళ్లు, అదే కథ ఎందుకు చెప్పుకున్నారు? నాకు తోచేదిది. ఆ లోకంలో చెడ్డకు విలాసం వుంది. ఏడు సముద్రాలు దాటాలి నిజమే, తోవలో పాములుంటాయి నిజమే, కాని ఫలానా దీవిలో ఫలానా చెట్టుమీద ఫలానా చిలక అని చెప్పగలిగిన చోటు వుంది. మన ఇళ్లలో కష్టానికి అట్లా విలాసం రాసి వుండదు. అప్పు ఎక్కడ మొదలైందో తెలియదు, జబ్బు ఎవరి పాపమో తెలియదు, అర్జీ ఎవరి బల్లమీద ఆగిందో అంతకన్నా తెలియదు. అడిగితే ‘రేపు రండి’ అంటారు. మాంత్రికుడెప్పుడైనా రేపు రమ్మన్నాడా? మూడు ప్రశ్నలడుగుతాను, జవాబు చెప్తే వదుల్తాను అన్నాడంటే వదిలి తీరవలసిందే.

అద్భుత కథ అంటే ఏమైనా జరగవచ్చు గనక జనానికి ఇష్టం అంటారు కొందరు. నిజం సరిగ్గా తలకిందులు. ఏది పడితే అది జరగదు గనకనే ఇష్టం. 1951లో వచ్చిన పాతాళభైరవి తలుచుకోండి. సాహసవంతుణ్ణి బలి ఇస్తే గాని అమ్మవారు ప్రత్యక్షం కాదు. మాంత్రికుడు తోటరాముణ్ణి బలి ఇద్దామనుకున్నాడు, రాముడు తెలుసుకుని వాణ్ణే బలి ఇచ్చాడు. అమ్మవారు ఇద్దరి మంచిచెడ్డలు విచారించలేదు, నియమం చెల్లింది, బొమ్మ ఇచ్చింది. ఆ బొమ్మ కూడా అంతే. ఎవరి చేతిలో వుంటే వాళ్ల మాట వింటుంది. రాముడి చేతిలో వున్నప్పుడు మేడ కట్టింది, మాంత్రికుడి చేతిలో పడ్డ క్షణాన వాడి పని చేసింది. బొమ్మకు ధర్మం తెలిసి ‘నీవు దుర్మార్గుడివి, నీ మాట వినను’ అని వుంటే హాలులో వొక్కడు కూడా వూపిరి బిగబట్టేవాడు కాదు. 1957లో మాయాబజారులో ప్రియదర్శిని పెట్టె చూడండి, అది చేసేది వొకటే పని. చూసినవారికి ఇష్టమైనదాన్ని చూపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు, శకునికి పాచికలు కనిపించాయి. ఆ వొక్క నియమంతో పింగళి నాగేంద్రరావుగారు ఎంత పని చేయించుకున్నారో!

నియమం తరవాత నాకు కావలసింది వంటిల్లు. నవ్వకండి. దీక్షితులుగారి కథలో కాశీకి కాలినడకన పోయే యతికి తోడు ఎవరూ దొరకలేదు. చివరికి వొక పశువుల కాపరి కుర్రవాడు సరే నన్నాడు, వొక షరతు మీద. ప్రతి మజిలీలోనూ తాను చూసివచ్చిన వింతకు కథ చెప్పాలి. వాళ్లు నడుస్తారు, అలిసిపోతారు, మజిలీ చేరుతారు, వంట అవుతుంది, భోజనం అవుతుంది, అప్పుడు కథ. గంధర్వలోకాలూ, శాపాలూ, పరకాయప్రవేశాలూ అన్నీ ఆ భోంచేసిన వాకిట్లోకే దిగుతాయి. మాయాబజారులో అంత మాయ మధ్య గోంగూర ప్రస్తావన రాకపోతే ఆ పెళ్లి మన ఇంట్లో పెళ్లిలా వుండేదా? ఆకాశంలో మేడ కట్టేవాడు దాని గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోటు కూడా చూపించాలి. అది చూపించాడంటే మేడను నమ్మేస్తాం.

ఇటీవల మనవాళ్లు తీసిన పెద్ద జానపదాన్ని, 2015లోనూ 2017లోనూ రెండు భాగాలుగా వచ్చిన బాహుబలిని, నేనూ పిల్లలతో వెళ్లి చూశాను. కాలకేయులకోసం మదన్ కార్కీ కిలికి అని వొక భాషనే అల్లాడు, అది నాకు మహా నచ్చింది. కాని మాహిష్మతిలో సామాన్యుడి ఇంట్లో ఆ పూట ఏం వండుకున్నారో రెండు భాగాలు చూసినా నాకు అంతు చిక్కలేదు. జలపాతం పెద్దది, విగ్రహం పెద్దది. మర్నాడు మా వీధిలో ఎవరూ ఆ వూళ్లో కాపురం వుంటామని అనలేదు.

కాపురం వుండటం అన్నాను గదా. మా మేనత్త అట్లా కాపురం వుండేది. ఇరవై యేళ్లు దాటీ దాటకముందే భర్త పోతే అన్నగారింటికి వచ్చేసింది. అంటే మా ఇంటికే. మాది తెనాలి పక్క పల్లె. పన్నెండుమందికి వండి, అంట్లు తోమించి, మధ్యాహ్నం మూడు గంటలకు వసారాలో చాప వేసుకుని అట్ట వూడిన కాశీమజిలీ భాగం తీసేది. నాలుగున్నరకు మళ్లీ పొయ్యి. మధ్యలో ఆ గంటన్నర ఆవిడది. మగవాళ్లు ‘పనికిమాలిన పుస్తకాలు’ అనేవారు, ఆవిడ విననట్టు వూరుకునేది. మా పిల్లలకు రాత్రిళ్లు బాలనాగమ్మ కథ చెప్పేది. వొకనాడు నేను, ‘అత్తా, బాలనాగమ్మ పారిపోవచ్చుగా?’ అన్నాను. ‘ఎక్కడికి పోతుందిరా? గడువు పెట్టింది, అది చాలదూ?’ అంది.

అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. పెద్దవాణ్ణయ్యాక తెలిసింది, ఆ ఇంట్లో మా అత్తకు గడువంటూ ఎవరూ పెట్టలేదు. బాలనాగమ్మ చెరకు వొక లెక్క వుంది, కొడుకు ఉయ్యాల దిగి గుర్రమెక్కేదాకా. మా అత్త చాకిరీకి లెక్క లేదు. ఆవిడ ఆ కథలోకి పోయింది సుఖంకోసం కాదు, అందులో సుఖమేముంది! లెక్క వున్న కష్టాన్ని చూడటానికి పోయింది.

ఇక పలాయనం మాట. ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషు భాష చెప్పిన టోల్కీన్ అనే పంతులుగారు (మా కులంవాడే, అంటే పాఠాలు చెప్పుకునే కులం) 1939లో స్కాట్లండులో వొక ఉపన్యాసం చేశాడు, అది వ్యాసంగా 1947లో అచ్చయింది. మన చందమామ పుట్టిన యేడే. అందులో ఆయన విమర్శకుల్ని గట్టిగానే అడిగాడు: యుద్ధంలోంచి పారిపోయే సిపాయినీ, జైల్లోంచి తప్పించుకోవాలని చూసే ఖైదీనీ వొకే గాట కడతారేమిటని. ఖైదీ గోడలు కాక మరోదాన్ని తలుచుకుంటే తప్పేమిటని. ఇది వాలుకుర్చీలో కూర్చున్న మాట కాదు. 1916లో ఆయన సోమ్ యుద్ధరంగంలో కందకాల్లో వుండి, జ్వరం తగిలి ఇంటికి చేరినవాడు. ఆ యుద్ధం ముగిసేసరికి ఆయన దగ్గరి స్నేహితుల్లో వొక్కడు తప్ప అందరూ పోయారు. తరవాత పన్నెండేళ్లకు పైగా కూర్చుని వొక లోకం కట్టాడు. ముందు దాని భాషలు, ఆ పైన పటం. ప్రయాణంలో ఏ రోజు ఎంత దూరం నడిచారో, ఆ రాత్రి చంద్రుడు ఎన్ని కళలతో వున్నాడో లెక్క తప్పకుండా సరిదిద్దుకున్నాడు. పారిపోయేవాడు ఇంత లెక్క చూసుకుంటాడా?

ఆయన పెద్ద నవల మొదటి భాగం 1954లో వచ్చింది. సరిగ్గా ఆ యేడే మన చందమామలో ‘తోకచుక్క’ మొదలైంది. రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారు. ఆ వెనక మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ… చిత్రా గారి బొమ్మలతో నెల నెలా వచ్చేవి. చదివే పిల్లలకు రచయిత పేరు చాలాకాలం తెలియను కూడా తెలియదు. నేను పుట్టేనాటికి ఆ సీరియళ్ల వైభవం ముగిసింది. మా మామయ్య బైండు చేయించి అటకమీద పెట్టిన సంపుటాల్లో చదువుకున్నాను. ఇప్పుడు చందమామ కూడా ఆగిపోయి పదేళ్లు దాటింది. చెప్పవచ్చేదేమిటంటే, ఆ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపినవారు కొడవటిగంటి కుటుంబరావుగారు. మధ్యతరగతి బతుకులోని బూటకాన్ని ఆయనంత నిర్దయగా రాసినవాళ్లు లేరు. భూతప్రేతాల్లో ఆయనకు రవ్వంత నమ్మకం లేదు. పగలు భేతాళుణ్ణి దిద్ది, తన కథల్లో మన గుమాస్తాల్నీ, మామగార్లనూ చీల్చి చెండాడారు. ఆయనకీ రెండు పనులకూ పేచీ కనబడలేదు. మనకెందుకు కనబడాలి?

ఇంత ధీమాగా రాస్తున్నాను గాని, ఈ మాటలు వొక పెద్దమనిషి ముందు నాకు నోట రాలేదు. కిందటేడు మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల తండ్రి స్టాఫు రూముకు వచ్చాడు. (గుర్తు పట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.) నిలబడే మాట్లాడాడు.

‘మేష్టారూ, మా ఆవిడకు కిడ్నీలు పాడయినాయండి. వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు తీసుకుపోవాలి. నాకు సెలవు దొరకదు, అమ్మాయే తీసుకుపోతుంది. వెళ్లి చూస్తే మంచం పక్కన కూచుని ఆ మంత్రాల పుస్తకం చదువుతోందండి. తల్లి అట్లా పడివుంటే మంత్రాలేమిటండీ? మనసన్నది లేదా దానికి? పాతపేపర్లవాడికి వేసేద్దామనుకుంటున్నాను. మీరంటే గౌరవం, మీరొక మాట చెప్పండి.’

‘కూర్చోండి. అక్కడ ఎంతసేపు వుంటుంది?’ అన్నాను.

‘నాలుగు గంటలండి.’

‘నాలుగు గంటలూ అక్కడే వుంటుందా?’

‘అక్కడే వుంటుందండి. మిషను కూత పెడితే నర్సును పిలిచేది కూడా అదే.’

‘మరి పారిపోయిందెక్కడికండీ?’

ఆయన మాట్లాడలేదు. నాకు వుత్సాహం వచ్చింది. చిలక సంగతీ, విలాసం సంగతీ, పైన మీకు చెప్పినట్టే చెప్పుకొచ్చాను. ఆ పిల్ల చదివే హారీ పాటర్ పుస్తకాల్లో ఎంత మంత్రగాడైనా చచ్చిపోయినవాళ్లను బతికించలేడనిన్నీ, శూన్యంలోంచి అన్నం పుట్టించలేడనిన్నీ, కనక అవి పిల్లకు అబద్ధపు ఆశలు చెప్పే పుస్తకాలు కావనిన్నీ చెప్పాను. అంతా విన్నాడు. విని, మెల్లిగా, ‘బాగానే వుందండి. మరి మా ఇంటి మాంత్రికుడి ప్రాణం ఏ చిలకలో వుందో చెప్పండి, వెళ్లి పట్టుకొస్తాను’ అన్నాడు.

వెటకారం కాదది. నిజంగానే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. టీ తెప్పించాను. తాగి, నమస్కారం పెట్టి వెళ్లాడు. పుస్తకాలు పాతపేపర్లవాడికి వెయ్యలేదని తరవాత తెలిసింది. ఆయన మనసు మారిందో, తీరిక దొరకలేదో నాకు తెలియదు.

కథ జబ్బును నయం చెయ్యదు. ఎవరైనా చేస్తుందంటే వాళ్లు మందుల కంపెనీవాళ్లకన్నా ప్రమాదకరమైనవాళ్లు. వొట్టి ఆశ అమ్మే అద్భుత కథలు లేకపోలేదు. హీరో మునిగిపోయే ప్రతిసారీ ఆకాశంనుంచి వొక గద్ద దిగివస్తుంది, ఆ గద్ద అంతకుముందు ఎక్కడుందో అడక్కూడదు. అట్లాంటి పుస్తకాన్ని ఆ ఆసుపత్రి గదిలో నాలుగు గంటలు ఎవరూ చదవలేరు, మిషను మొదటి కూతకే రాలిపోతుంది. పక్క మంచాలమీద మనుషులున్నచోట నిలవగలిగిన పుస్తకం ఎంత గట్టిగా కట్టినదై వుండాలో ఆలోచించండి.

మా సిలబసులో కళాపూర్ణోదయం నుంచి కొంత భాగం వుంది. పదహారో శతాబ్దిలో, కవులంతా పురాణాల్లో కథలు వెతుక్కుంటున్న రోజుల్లో, పింగళి సూరన కథంతా తనే కల్పించుకున్నాడు. ద్వారకలో ఉయ్యాల లూగే కలభాషిణి, ఆకాశంలో విమానంమీద పోయే రంభా నలకూబరులు, వొకరి రూపం వొకరు ధరించి ఎవరెవరో తెలియని తికమక, దూరంనుంచే వినగల, చూడగల సిద్ధుడు… అన్నిటికీ మూలం మరీ చిత్రం. బ్రహ్మ సరస్వతితో సరసానికి వొక కథ చెప్పాడు. చెప్పినవాడు బ్రహ్మ గనక ఆ కథ భూమ్మీద జరిగి తీరవలసివచ్చింది. పాఠం చెప్పేటప్పుడు ఎవరు ఎవరో గుర్తుంచుకోలేక నేనే తడబడతాను.

మొన్న ఆ పిల్ల నోటుపుస్తకంలో రెండు పేజీలకు సరిపడా పటం గీసుకుని వచ్చింది. ఏ రంభ అసలు రంభ, ఏ నలకూబరుడు ఎవరు, ఎప్పుడు ఎక్కడ విడిపోయారు, అన్నీ బాణం గుర్తులతో. ఆసుపత్రిలో గీశానంది. తల్లికి కూడా కథ చెప్పిందట, ఆవిడ వొకచోట తప్పు పట్టుకుందట.

‘సార్, వొక సందేహం. బ్రహ్మగారు చెప్పిన కథలో వాళ్లమని ఆ మనుషులకు తెలుస్తుందా, చివరిదాకా తెలియదా?’ అంది.

సిలబసు దాటి చదవమని పుస్తకం ఇచ్చి పంపాను.